అమ్మితే ఒక ఉత్తరం

తైపేయి
1990 జనవరి 6

అన్నయ్యా,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. ఫోన్ చేద్దామంటే నువ్వు ఆ కిరాణా కొట్టు దాకా వచ్చి "ఊఁ", "సరే" తప్ప మూడో మాట అనవు. ఆ రెండు మాటల కోసం డబ్బులు తగలెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఇవాళ ఎవరినో ఒకరిని తిట్టకపోతే నాకు అన్నం సహించదు. ప్రభుత్వాన్ని తిడదామంటే అది వినదు. నువ్వైతే వింటావు, ఎదురు చెప్పవు.

కొత్త సంవత్సరం మొదలు, షేరు అమ్మినప్పుడల్లా వెయ్యికి ఆరు యువాన్లు పన్నట! మొన్నటిదాకా ఒకటిన్నర. కొన్నవాడి దగ్గర ఏమీ తీసుకోరు. అమ్మేవాడి జేబులోనే చెయ్యి పెడతారు. నేనేమో రోజూ అమ్మేదాన్ని. నిన్న కొన్నది ఇవాళ అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి కొంటాను. కూరల బజారుకి పోయినట్టే షేర్ల హాలుకి పోతున్నాను. తొమ్మిదింటికి బోర్డు వెలిగేసరికి కూర్చోడానికి చోటుండదు. నా పక్కన లియావ్ అక్క, ఒళ్లో పొద్దుతిరుగుడు గింజల సంచీ. ధరలు పెరిగి బోర్డంతా ఎర్రగా వెలిగిందా, ఒలిచి నాకూ పెడుతుంది. ధరలు పడి పచ్చబడిందా, ఒక్కతే తినేస్తుంది. ఈ మధ్య బోర్డు ఎర్రగానే ఉంటోందిలే.

నా అన్నం కొట్టు సంగతి అడుగుతావని తెలుసు. మూసే ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా షేర్ల బజారు. అన్నం డబ్బాలకి నేను మాంసం వేయించే టైమూ అదే. రెండూ కుదరవు. పన్నెండేళ్లు పొయ్యి దగ్గర మాడి కూడబెట్టిందంతా తెచ్చి ఇందులో పెట్టాను. మీ బావ బతికుంటే పెట్టనిచ్చేవాడు కాదు, నిజమే. కానీ ఆయన బతికుంటే బోర్డు చూసి నోరు తెరిచేవాడు కూడా.

బాతు పంపు. ఇక్కడ అమ్మేవి బాతులు కావు, చెప్పు అట్టలు.

నీ చెల్లెలు
బీ-ఖిమ్


యీలాన్
జనవరి 14

చెల్లీ,

బాతులు రెండు బస్సు డ్రైవరుకిచ్చి పంపాను. ఈసారి చెరకు పొగ ఒక పూట ఎక్కువ పట్టింది. అంచులు నల్లగా ఉంటే గీకెయ్యి.

పన్ను గురించి లెక్క వేశాను. లక్ష యువాన్ల షేర్లు కొని ఏడాది దాచుకుని అమ్మినవాడు ఆరు వందలు కడతాడు. ఒక్కసారే. అదే లక్షని రోజూ అమ్మి రోజూ కొనేదానివి నువ్వు. నెలకి ఇరవై నాలుగు రోజులు బజారు ఉంటుంది కాబట్టి నెలకి పద్నాలుగు వేల నాలుగు వందలు కడతావు. ఇద్దరికీ రేటు ఒకటే. కాబట్టి ప్రభుత్వం నీ డబ్బు మీద వేసింది కాదది. నీ తిరుగుడు మీద వేసింది.

మన పడవ పందెం గుర్తుందా? ఎగువ వాడకీ దిగువ వాడకీ మధ్య న్యాయం చెప్పేవాడు ఉండడు. రెండు పడవలూ కలిసి బయలుదేరతాయి. ముక్కు దగ్గర కూర్చున్నవాళ్లు ఇద్దరూ కంచు గంట కొడితేనే పందెం లెక్క. ఏ ఒక్కడు 'మనం మూరెడు వెనకున్నాం' అనుకుని గంట కొట్టకపోయినా రెండూ వెనక్కి రావాలి. నీకు ఏడేళ్లప్పుడు పొద్దుగూకేదాకా వెనక్కి తిరగడమే సరిపోయింది. తిరగడానికి ఖర్చేమీ లేదు కదా. ఆ ఏడు పందెమే జరగలేదు.

మరుసటి ఏడు నానమ్మ ఒక పద్ధతి పెట్టింది. గంట కొట్టకుండా తిరిగిన వాడ, తిరిగినప్పుడల్లా అవతలి వాడ పిల్లలకి ఒక కుండ పెసల తీపి జావ కాచి పొయ్యాలి. తెడ్డు వేసేది మగాళ్లు, జావ కాచేది ఆడవాళ్లు. ఇంట్లో మొహాలు చూశాక మగాళ్లు ఆలోచించి తిరగడం మొదలుపెట్టారు. నిజంగా వెనకబడితే తిరిగారు. ఊరికే తిరగలేదు. మధ్యాహ్నానికల్లా పందెం అయిపోయింది. పిల్లలకి జావా దక్కింది.

ఒక్క కుండ జావ ఏ వాడనీ ముంచలేదు. పందెం మాత్రం పందెంలా జరిగింది. నాకు తెలిసిన న్యాయం ఇదే.

కొట్టు అద్దె కాగితం జూన్‌తో అయిపోతుంది. ఓనరు కొత్త అడ్వాన్సు అడుగుతాడు. ఏం చేస్తావని నేను అడగడం లేదు. జూన్ ఎంతలో ఉందో చెబుతున్నాను.

అన్నయ్య
కిమ్-థో


తైపేయి
జనవరి 20

అన్నయ్యా,

బాతు దివ్యంగా ఉంది. నీ న్యాయం మాత్రం ఉడకలేదు.

నీ ఉత్తరం హాల్లో పైకి చదివాను. లియావ్ అక్క, "మీ అన్నయ్య ఏం చేస్తాడు, ప్రొఫెసరా?" అంది. "బాతులు పెంచుతాడు" అన్నాను. "అందుకే అందరినీ ఒకే కర్రతో తోలుతున్నాడు" అంది. హాలంతా ఒకటే నవ్వు.

ఇప్పుడు నా ప్రశ్నలకి జవాబు చెప్పు. ఒకటి, నాలాంటి చిన్నవాళ్ల మీద ఎందుకు పడాలి? మూడో అంతస్తులో ఏసీ గదిలో కూర్చునే లావుపాటాయన ఉన్నాడు. ఆయన చెయ్యి ఊపితే బోర్డు రంగు మారుతుంది. పోయి ఆయన లాభం మీద వెయ్యమను పన్ను! రెండు, మా కౌంటరు అమ్మాయి ఛాయ్ ఏమంటోందంటే, పన్ను పెరిగితే అమ్మేవాళ్లు తగ్గుతారు, అమ్మేవాళ్లు తగ్గితే మనకి కావలసినప్పుడు కొనేవాడూ దొరకడు, ధరలు ఎగిరెగిరి పడతాయి అని. ఆ పిల్ల కాలేజీలో చదివింది. నువ్వు బాతుల దగ్గర చదివావు.

మూడోది అసలు మాట. చిన్న పన్ను ఎవరినీ ముంచదన్నావు కదా? సరే, నీకూ కడతాను. ప్రభుత్వం పద్ధతే. కొంటే ఏమీ లేదు. అమ్మితే, అమ్మినప్పుడల్లా, నీకొక ఉత్తరం. దానివల్ల నా చెయ్యి ఆగుతుందేమో చూద్దాం. పన్నెండేళ్లు రోజుకి నూట యాభై డబ్బాలు కట్టిన చెయ్యి ఇది. ముందు నువ్వే చదవలేక మొత్తుకుంటావు.

బీ-ఖిమ్


యీలాన్
జనవరి 24

చెల్లీ,

ఒప్పుకున్నాను.

లావుపాటాయన లాభం మీద పన్ను వేసి చూశారు కదా. లాభం ఎవరిదో తేలలేదు. పనిమనిషి పేరు మీద, డ్రైవరు అత్త పేరు మీద ఖాతాలు తెరిచి, వాళ్ల సంతకం ముద్రలన్నీ తన సొరుగులో పెట్టుకున్నాడని నువ్వే చెప్పావు, నిరుడు ఇక్కడికి వచ్చినప్పుడు. ఏ పేరు మీద అమ్మినా కౌంటరు ఒకటే. వెయ్యికి ఆరు అక్కడే కోసుకుంటారు. నీకంటే వందరెట్లు తిప్పేవాడు వందరెట్లు కడతాడు. దాక్కోవడానికి చోటు లేని పన్ను ఇది.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో నిజం ఉంది. పన్ను మరీ ఎక్కువైతే బజారు ఎండిపోతుంది. నానమ్మ కుండ జావ అంది, పందిని కొయ్యమనలేదు.

పండక్కి రావడానికి బజారుకి సెలవు ఇస్తారా?

అన్నయ్య


తైపేయి, ఫిబ్రవరి 5
(కార్డు)
అన్నయ్యా, సిమెంటు షేర్లు అమ్మాను. లాభం. పన్ను చెల్లు.
బీ-ఖిమ్

తైపేయి, ఫిబ్రవరి 5
(కార్డు)
బ్యాంకు అమ్మాను. లాభం. చెల్లు.

తైపేయి, ఫిబ్రవరి 5
(కార్డు)
నూలు అమ్మాను. బోలెడు లాభం. చెయ్యి నొప్పెట్టలేదు.

తైపేయి, ఫిబ్రవరి 6
(కార్డు)
నిన్న కొన్న ప్లాస్టిక్ అమ్మాను. లియావ్ అక్క నిన్ను అడిగానని చెప్పమంది. బాతు గురించి అడిగింది లే.

తైపేయి, ఫిబ్రవరి 9
(కార్డు)
ఇవాళ నాలుగు. అన్నీ ఒకే కార్డు మీద రాస్తే ఒప్పుకోవు కదా? ఇది మొదటిది.

తైపేయి, ఫిబ్రవరి 9
(కార్డు)
రెండోది.

తైపేయి, ఫిబ్రవరి 9
(కార్డు)
మూడోది. పెన్నులో సిరా అయిపో

తైపేయి, ఫిబ్రవరి 9
(కార్డు)
నాలుగోది. పెన్సిలుతో. బోర్డు మీద సూచీ పన్నెండు వేలు దాటింది! నీ పన్నుకి బజారు భయపడిందా? చూసుకో!


యీలాన్
ఫిబ్రవరి 18

చెల్లీ,

కార్డులన్నీ అందాయి. నాకంటే ముందు ఊరికి అందాయి.

పోస్టుమన్ ఆ-షెంగ్ దారిలోనే చదువుకుంటున్నాడు. కిరాణా కొట్టు దగ్గర సైకిలు ఆపి, "తైపేయి అక్క సిమెంటు వదిలించుకుంది" అని చెబుతున్నాడు. అక్కడ పదిమంది కాచుకుని ఉంటున్నారు. వాళ్లు పక్క పట్నం లోతుంగ్‌లో షేర్ల హాలుకి వెళ్లి సిమెంటు అమ్మేశారు. నీ కార్డు ఇక్కడికి వచ్చేసరికి మూడు రోజులు పట్టిందని ఎవరికీ తట్టలేదు. మర్నాడు సిమెంటు పెరిగింది. ఆ-షెంగ్ మా గుమ్మంలోకి వచ్చి గొడవ పెట్టుకున్నాడు.

"మీ చెల్లెలి మాట విని మునిగాను. ఎవరిస్తారు నా డబ్బు?"

"కార్డు ఎవరి పేరు మీద ఉంది?" అన్నాను.

"మీ పేరు మీద."

"మరి నీకెందుకు చెప్పింది?"

రెండు రోజులు బెల్లు కొట్టకుండా కార్డులు బాతుల దొడ్లో పడేసి పోయాడు. ఒకటి బాతు తొక్కింది. అది నూలు కార్డని ఊహించాను.

ఇకనుంచి కవరులో పెట్టు. ఇంకో మాట. 'రెండోది' అన్నది ఉత్తరం కాదు. ప్రతి ఉత్తరంలో బజారు కానిది ఒక్క సంగతైనా ఉండాలి. ఈ సవరణ ఇవాళ్టి నుంచి అమలు.

అన్నయ్య


తైపేయి
ఫిబ్రవరి 26

అన్నయ్యా,

పన్ను మధ్యలో పెంచడం అన్యాయం. ప్రభుత్వానికి నువ్వేం తీసిపోవు.

బ్యాంకు అమ్మాను. బజారు కాని సంగతి: వర్షం.

బీ-ఖిమ్


తైపేయి
మార్చి 11

అన్నయ్యా,

వర్షం అంటే ఒప్పుకోనని రాశావు, పైగా 'తైపేయిలో వర్షం సంగతి కాదు' అన్నావు. ఇదిగో, సంగతి.

కొట్టు తాళం తీసి చూశాను. ఊరికే, బూజు పట్టిందేమోనని. మీ బావ సోయా పులుసు కలిపే జాడీ అడుగున ఇంకా వాసన ఉంది. పక్క బట్టల దుకాణం ముసలాయన తల బయటికి పెట్టి, "తెరుస్తున్నావా? నాలుగు నెలలుగా ఎదురు సందులో అట్టలు తింటున్నాను" అన్నాడు. "అట్టలు నమలడానికి పళ్లున్నాయా నీకు?" అన్నాను. "అందుకే నీ డబ్బా కావాలి" అన్నాడు. తాళం వేసి వచ్చేశాను. కానీ ఆ జాడీ కడగబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. ఇది బజారుదే, కానీ చెప్పాలి. మొన్న మంగళవారం ప్లాస్టిక్ అమ్ముదామని లేచాను. అమ్మితే సాయంత్రం కవరు కొనాలి, నీకు సంగతి వెతకాలి, పోస్టాఫీసు దాకా నడవాలి. ఇంతా చేసి లాభం ఎంత? రెండు కిలోల పంది మాంసం ఖరీదు. మళ్లీ కూర్చున్నాను. లియావ్ అక్క, "ఏం, కాలు పట్టేసిందా?" అంది. శనివారానికి అదే ప్లాస్టిక్ ఇంకా పెరిగింది.

ఈ వారం రెండే అమ్మాను. సంతోషించకు. పన్ను వల్ల కాదు, బద్ధకం వల్ల.

బీ-ఖిమ్


యీలాన్
మార్చి 16

చెల్లీ,

పన్ను చేసే పని అదే.

ఆ జాడీ కడగకు.

అన్నయ్య


తైపేయి
ఏప్రిల్ 22

అన్నయ్యా,

బోర్డు పచ్చబడింది. ఒక రోజు కాదు, రోజూ. లియావ్ అక్క గింజలు తేవడం మానేసింది. హాల్లో అందరూ పన్నునే తిడుతున్నారు. ఆ ఆరు లేకపోతే ఇంత పడేది కాదట. ఒకాయన లేచి నా వైపు వేలు చూపించి, "ఈవిడ అన్నయ్య దగ్గరినుంచే వచ్చింది ఆ ఆలోచన!" అన్నాడు. నీకు ఇంత పేరుందని నాకు తెలీదు. ఏం చెప్పమంటావు వాళ్లకి?

ఇవాళ ఉత్తరం బాకీ లేదు. ఏమీ అమ్మలేదు. అయినా రాశాను. ముందస్తు కింద జమ వేసుకో.

కొట్టు ఓనరు వచ్చాడు. మే నెలాఖరుకి అడ్వాన్సు ఇవ్వకపోతే ఫోన్ల దుకాణం వాడికి ఇచ్చేస్తాడట. నా డబ్బంతా ఆ బోర్డు మీద ఉంది. రోజూ కాస్త కరుగుతోంది. మళ్లీ పెరుగుతుందని అందరూ అంటున్నారు. పెరిగాక అమ్మి అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నాను. నీకేమనిపిస్తోంది? "ఊఁ" అని రాయకు.

బీ-ఖిమ్


యీలాన్
ఏప్రిల్ 26

చెల్లీ,

పన్నెండు వేలు దాటినప్పుడు పన్ను ఉంది. ఇప్పుడూ ఉంది. పెరిగినప్పుడు పన్నుకి దణ్ణం పెట్టినవాడు లేడు కాబట్టి పడినప్పుడు తిట్టే హక్కు కూడా లేదని చెప్పు. వరద వస్తే గట్టు మీద కట్టిన ఇటుక దాన్ని ఆపలేదు. తేనూ లేదు. పన్ను గడప లాంటిది. దాటేముందు కాలు కాస్త ఎత్తించి, కిందికి చూసేలా చేస్తుంది. అంతకంటే ఎక్కువ చేస్తుందని నేను అనను.

పన్నుల డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలిసినంత వరకు చెబుతాను. మన నది మీద కర్ర వంతెన తీసేసి కాంక్రీటుది వేస్తున్నారు. ఎవరి పన్నో తెలీదు. అందులో నీ నూలు పన్నుదీ ఒక బస్తా ఉందనుకుంటున్నాను.

నీ ప్రశ్న. పెరుగుతుందో లేదో నాకు తెలీదు. చెప్పేవాళ్లకీ తెలీదు. నాకు తెలిసింది ఒకటే. రేపటి ధర నీ చేతిలో లేదు. మాంసం ఎంతసేపు వేయించాలో నీ చేతిలో ఉంది.

ఇది నేను రాసిన అతి పెద్ద ఉత్తరం. బాతులు ఆకలితో అరుస్తున్నాయి.

అన్నయ్య


తైపేయి
మే 19

అన్నయ్యా,

కూర్చో. ఈ కవరులో ఉన్నది ఒక్క ఉత్తరం కాదు. వారంలో ఐదు అమ్మాను కాబట్టి ఐదు ఉత్తరాలు. ఒక స్టాంపుతో పంపుతున్నాను. ఈ మాత్రం రాయితీ ఇవ్వు.

మొదటి ఉత్తరం. బ్యాంకు అమ్మాను. నష్టం. కౌంటరు అమ్మాయి ఛాయ్, "ఆంటీ, ఇప్పుడా అమ్మేది? కొన్నాళ్లు ఆగండి" అంది. "మాంసం బేరం మాట్లాడొచ్చానే తల్లీ" అన్నాను. బజారు కాని సంగతి: ఆ పిల్లకి పెళ్లి కుదిరింది. కుర్రాడు పళ్ల డాక్టరు. లియావ్ అక్క అప్పుడే పన్ను చూపించుకుని వచ్చింది, ఉచితంగా.

రెండో ఉత్తరం. నూలు అమ్మాను. లాభమూ లేదు, నష్టమూ లేదు. సంగతి: బట్టల దుకాణం ముసలాయనకి కబురు పంపాను. "ఈసారి క్యాబేజీ ఎక్కువ వెయ్యి" అని తిరుగు కబురు పంపాడు. ఇంకా పొయ్యే వెలగలేదు!

మూడో ఉత్తరం. ప్లాస్టిక్. లాభం! మార్చిలో బద్ధకించి దాచిందే. సంగతి: నవ్వుతున్నాను. ఇది సంగతి కాదంటే నీ ఇష్టం.

నాలుగో ఉత్తరం. ఆహారం కంపెనీ. నష్టం. సంగతి: రాత్రి లెక్క చూసుకున్నాను. పెట్టింది దాదాపు పెట్టినట్టే వచ్చింది. ఫిబ్రవరిలో బోర్డు మీద కనిపించిన ఆస్తంతా పొగలా పోయింది. వింత ఏంటంటే, ఏడుపు రాలేదు. ఆ డబ్బుని నేను ఎప్పుడూ వాసన చూడలేదు కదా.

ఐదో ఉత్తరం. సిమెంటు రెండు కట్టల్లో ఒకటి అమ్మాను. వెయ్యి షేర్ల కట్ట ఇంకొకటి ఉంచుకున్నాను, లియావ్ అక్క పక్కన కూర్చోడానికి ఏదో ఒక సాకు ఉండాలి కదా అని. సంగతి: పొద్దున్నే ఓనరు చేతిలో అడ్వాన్సు పెట్టాను. కాగితం రాశాడు. మూడేళ్లు.

అన్నయ్యా, కొట్టు నాదే.

బీ-ఖిమ్


యీలాన్
మే 23

చెల్లీ,

ఐదు ఉత్తరాలూ అందాయి. రాయితీ మంజూరు.

నాలుగు బాతులు పంపాను. ప్రారంభానికి.

ఇవాళ లెక్కలు రాశాక నీ ఉత్తరాలు ఐదూ మళ్లీ చదివాను.

అన్నయ్య


తైపేయి
జూన్ 15

అన్నయ్యా,

చేతులు నూనెగా ఉన్నాయి, కాగితం మీద మరకలకి తిట్టుకోకు. మొదటి రోజు అరవై డబ్బాలు, ఇవాళ నూట పది. ఎవరు తింటున్నారనుకున్నావు? హాలు వాళ్లే! పన్నెండింటికి బోర్డు ఆరగానే తిన్నగా ఇక్కడికి వస్తున్నారు. ఆ రోజు నా వైపు వేలు చూపించినాయన, "నష్టపోయాను, గుడ్డు వద్దు" అన్నాడు. గుడ్డు పెట్టాను. "మా అన్నయ్య ఇమ్మన్నాడు" అన్నాను. తలొంచుకుని తిన్నాడు.

నువ్వు గెలిచావు. పన్ను పని చేసింది. అమ్మేది లేదు, కట్టేది లేదు. నీ పోస్టుమన్‌కి ఇక విశ్రాంతి.

బీ-ఖిమ్


యీలాన్
ఆగస్టు 3

చెల్లీ,

ఇక్కడ అంతా బాగానే ఉంది.

ఆ-షెంగ్ సైకిలు మన సందులోకి తిరగడం మానేసింది. నిన్న కొట్టు దగ్గర కనిపించి, "అక్కకి ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. "బాగుంది. అమ్మడం మానేసింది" అన్నాను. "పాపం" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో అడగలేదు.

అన్నయ్య


లోతుంగ్
సెప్టెంబరు 12

చెల్లీ,

ఊరు పేరు చూసి కంగారు పడకు. ఇక్కడి ఆసుపత్రికి రాలేదు. షేర్ల హాలు ఎదురుగా నూడుల్స్ బడ్డీలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున బస్సెక్కి వచ్చాను. హాల్లో కుర్చీలే ఉన్నాయి, మనుషులు లేరు. ఒక ముసలాయన బోర్డు కింద నిద్రపోతున్నాడు. కౌంటరు దగ్గరికి వెళ్లి, సిమెంటు షేరు కావాలన్నాను.

"ఎన్ని కట్టలు తాతగారూ?" అంది అమ్మాయి.

"ఒకటి. కట్ట కాదు, షేరు."

"ఒక్క షేరా?" పక్కమ్మాయిని పిలిచి నన్ను చూపించింది. "కట్టంటే వెయ్యి. విడి షేర్లు కూడా ఉంటాయి, దానికి వేరే వరస. ఇంతదూరం వచ్చి ఒక్కటేం కొంటారు? ఈ నెలలో కొనడానికి వచ్చింది మీరొక్కరే."

ఆ పిల్ల మొహం చూసి ఒక కట్ట కొన్నాను. చలికాలం బాతుల డబ్బులో కొంత పోయింది. సంతకం ముద్ర ఎక్కడ వెయ్యాలో వెతుక్కుంటుంటే, నిద్రపోతున్న ముసలాయన ఒక కన్ను తెరిచి, "మొదటిసారా?" అన్నాడు. అవునన్నాను. "అభినందనలు" అని మళ్లీ కన్ను మూశాడు.

కాబట్టి మన ఒప్పందం ప్రకారం ఈ ఉత్తరం బాకీ పడ్డాను. కడుతున్నాను. బజారు కాని సంగతి ఉండాలి. నావి కొంచెం పోగుపడ్డాయి.

కొత్త వంతెన తెరిచారు. బాతులు దాని మీదకి ఎక్కనంటున్నాయి. నున్నగా ఉందని భయం. రోజూ నేను ముందు నడిచి, వెనక్కి తిరిగి పిలవాలి. జనం నవ్వుతున్నారు. కుడి మోకాలు కొంచెం పట్టేస్తోంది, మెట్లకి మాత్రమే. మీ వదిన పోయిన తర్వాత వంటగదిలో రేడియో పెట్టడం మానేశాను. ఈ మధ్య మళ్లీ పెడుతున్నాను. వంకాయ నువ్వెప్పుడో చెప్పినట్టు వండాను. నువ్వు చెప్పినట్టు రాలేదు. నీ ఫిబ్రవరి కార్డులు గోడకి అంటించాను, బాతు తొక్కింది కూడా. అది నూలు కాదు, రెండోది.

ఇంకా ఉన్నాయి. బస్సు వచ్చింది.

అన్నయ్య


తైపేయి
సెప్టెంబరు 17

అన్నయ్యా,

కొన్నవాడికి పన్ను లేదు! అమ్మినవాడే కట్టాలి! ప్రభుత్వం రూలూ అదే, మన రూలూ అదే. మొట్టమొదటి ఉత్తరంలోనే రాశాను, తర్వాత దాంట్లో మళ్లీ రాశాను. నలభై ఏళ్లుగా ఉప్పు కొన్నది కూడా లెక్కల్లో వదలని మనిషివి, ఈ ముక్క మర్చిపోయానంటే నేను నమ్మాలా?

లియావ్ అక్కకి చదివి వినిపించాను. నీ రేడియో దాకా వచ్చేసరికి ఆపేసింది. "ఇలా ఇవ్వు" అని తనే తీసుకుని చదువుకుంది. తిరిగిచ్చి, "ఇతన్ని ప్రొఫెసరన్నది ఎవరు? ఇతనికి అబద్ధం ఆడటం కూడా రాదు" అంది. ఆ తర్వాత ఇద్దరం కలిసి కన్నీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. బట్టల దుకాణం ముసలాయన డబ్బా పట్టుకుని నిలబడే ఉన్నాడు పాపం.

ఎక్కువ కట్టిన పన్ను వాపసు ఇవ్వబడదు. ఉత్తరం నా దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు నా తీర్మానం విను. నా దగ్గర సిమెంటు కట్ట ఒకటి మిగిలింది కదా, వెయ్యి షేర్లు. దాని ధర ఇప్పుడు ఏడవడానికి కూడా పనికిరాదు. దాన్ని ఒక్క దెబ్బకి అమ్మను. విడి షేర్ల వరసలో నిలబడి, వారానికి ఒక్కటి, ఒక్కటంటే ఒక్క షేరు అమ్ముతాను. కౌంటరు అమ్మాయి ఛాయ్‌కి ఈ మాట చెప్పాను. "ఆంటీ, ఒక షేరుకి వచ్చేది ఉడికిన గుడ్డు ఖరీదు. దానికోసం నేనొక కాగితం నింపాలి, నాకు పెళ్లి పనులున్నాయి" అని నెత్తి కొట్టుకుంది. వారం వారం నిండుగా గుడ్డు పెట్టి డబ్బా ఇస్తానంటే ఒప్పుకుంది.

అమ్మినప్పుడల్లా నీకు ఒక ఉత్తరం. కవరులో. బజారు కాని సంగతులతో. ఇవాళ ఒకటి అమ్మాను, ఇది దాని తాలూకు. ఇంకా తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఉన్నాయి. వారానికొకటి చొప్పున పంతొమ్మిదేళ్లు పడుతుంది. అప్పటికి నీకు ఎనభై దగ్గర పడతాయి.

కట్టే పూచీ నాది. అంతవరకు ఉండి వసూలు చేసుకునే పూచీ నీది. మోకాలు డాక్టరుకి చూపించు.

నీ చెల్లెలు
బీ-ఖిమ్